ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ చరిత్రము

హాలండు దేశమున డెల్ఫ్టు అను నగర మొకటి కలదు. కాలువలును, వంతెనలును, నీలివన్నె చిత్రములుగల పింగాణి పాత్రలును ఆ యూరికిఁ బ్రసిద్ధిఁ దెచ్చినవి. 1632వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన ఆ యూర నొక బుట్టలల్లువాని యింట నొక మగశిశువు జనించెను. అతఁడే ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్. అదే నెలలో, అదే యూరిలో, జగత్ప్రసిద్ధుఁడైన చిత్రకారుఁడు వెర్మీరునకును బాప్తిస్మ మీయఁబడెను. ఒకఁడు కంటికిఁ గనఁబడు వెలుఁగును చిత్రించి కీర్తి గాంచెను. రెండవవాఁడు కంటికిఁ గనఁబడని ప్రాణులను జూచి కీర్తి గాంచెను.

మన తరగతులలో జీవశాస్త్రపాఠము చెప్పునపుడు కేంద్రకపూర్వ కణము, నిజకేంద్రక కణము అను రెండు పేరులను నల్లబల్లపై వ్రాసి, నడుమ నొక గీత గీసి, భేదములను వరుసగాఁ జెప్పుట వాడుక. బాలురు దానిని కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, వేసవి సెలవులలో మఱచుదురు. ఆ గీతకు రెండు ప్రక్కలనున్న జీవులను మొట్టమొదటఁ గన్నులారఁ జూచినవాఁడు ఈ లీవెన్‌హుక్కే. అతఁడు వానిని ఎట్లు చూచెనో, చూచి యేమనుకొనెనో తెలిసినచో ఆ పట్టికకుఁ గొంత ప్రాణము వచ్చునని తలఁచి యీ చరిత్రమును వ్రాయుచున్నాను.

బాలుని యాఱవయేఁట, 1638లో, తండ్రి మరణించెను. తల్లి మరల వివాహమాడెను. బాలుని వార్మండు అను గ్రామములోని పాఠశాలకుఁ బంపిరి. తరువాత నొక బంధువునొద్దఁ గొంతకాల ముంచిరి. ఆ కాలమున పండితులగుటకు లాటిను భాష రాక తప్పదు. అది యితనికి రాదు. జీవితాంతమువఱకు డచ్చిభాష తప్ప మఱియొక భాషలో వ్రాయనేరఁడయ్యెను. 1648లో, పదియాఱేండ్ల ప్రాయమున, ఆంస్టర్డాము నగరమున నొక జౌళి అంగడిలోఁ బని నేర్చుకొనుటకుఁ జేరెను. వస్త్రపు నేఁత యెంత దట్టమైనదో తెలిసికొనుటకు నూలుపోగులను గాజుకటకముతోఁ బరీక్షించి లెక్కించుట జౌళివర్తకుల యలవాటు. లీవెన్‌హుక్ చేతికిఁ గటకము వచ్చిన మార్గ మిదియే యని పలువురు తలఁచుచున్నారు.

1654లో డెల్ఫ్టునకు మరలివచ్చి, బార్బరా డిమే యను నామెను బెండ్లియాడి, సొంతముగ జౌళి అంగడి పెట్టెను. వారికి ఐదుగురు బిడ్డలు పుట్టిరి; నలువురు పసితనముననే పోయిరి. 1666లో భార్యయు గతించెను. మిగిలినది మరియా యను కూఁతు రొక్కతె. 1671లో అతఁడు రెండవ వివాహము చేసికొనెను. ఆ భార్యయు 1694లో అతనికంటె ముందుగఁ బోయెను. మరియా పెండ్లాడక తుదివఱకు తండ్రి నంటిపెట్టుకొని యుండెను. ఈమె పేరు శాస్త్రగ్రంథములలో నంతగాఁ గనఁబడదు గాని, ఈ కథ చివర మరల వచ్చును.

ఇచ్చట నొక మాట. ఆ శతాబ్దమున డచ్చివారు మన తీరమునకుఁ గ్రొత్తవారు కారు. 17వ శతాబ్దారంభముననే వారి కంపెనీ మచిలీపట్టణమున వర్తకశాల పెట్టి మన నేఁతబట్టలను కొనసాగెను. మనవారు వారిని వలందులని పిలిచిరి. బందరులోని వలందపాలెము పేరు నేఁటికిని వారిని దలఁపునకుఁ దెచ్చుచున్నది. ఆ కంపెనీ శాఖలలో నొకటి డెల్ఫ్టు నగరముననే యుండెను. తూర్పుదేశముల మిరియములు ఆ యూరి యంగళ్లకు వచ్చుచుండెను. ఆ మిరియములే యీ కథలో నొక పెద్దపని చేయనున్నవి.

1660లో లీవెన్‌హుక్కునకు నగరసభాభవనమున నొక చిన్న యుద్యోగము దొరకెను. గదులు తెఱపించుట, మూయించుట, ఊడ్పించుట, చలికాలమున నిప్పు రగిలింపించుట అందలి పనులు. తరువాత భూమికొలత పరీక్షలో నెగ్గెను. 1679లో ద్రాక్షసారాయి పీపాలను గొలిచి సరిచూచు పని లభించెను. జీతము వచ్చుచుండెను, తీఱికయు దొరకుచుండెను. ఆ తీఱికలో నతఁడు కటకములు చేయసాగెను.

అతని సూక్ష్మదర్శినిని నేఁడు మన ప్రయోగశాలలోని యంత్రముతోఁ బోల్చరాదు. గొట్టము లేదు, అద్దము లేదు, పీఠము లేదు. రెండంగుళములకు మించని రెండు ఇత్తడి ఱేకులు, కొన్నింట వెండి ఱేకులు. వాని నడుమ సన్నని రంధ్రమున ధాన్యపుగింజకంటెఁ జిన్నదియగు ఒకేయొక గాజుకటకము. దాని యెదుట నొక సూదిమొన. చూడవలసిన వస్తువును ఆ మొనకు అంటించి, మరలు త్రిప్పి సరిచేసి, ఱేకును దాదాపు కంటికిఁ దాఁకునట్లు పట్టుకొని, వెలుఁగువైపు చూడవలెను. నీటిని జూడవలసినచో వెండ్రుకవంటి సన్నని గాజునాళములోనికిఁ బీల్చి మొనకు అంటించును. ఇట్టి పరికరములు తన జీవితమున ఐదువందలకుఁ బైగాఁ జేసెను. నేఁటికి నిలిచియున్నవానిలో మిక్కిలి శక్తిగలది ఉట్రెక్టు నగరమున నున్నది; అది వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగాఁ జూపును. రెండు కటకములుగల ఆనాఁటి పెద్ద యంత్రములకంటె ఈ చిన్నఱేకు స్పష్టముగఁ జూపుటకుఁ గారణ మున్నది. కటకములు రెండైనచో వాని దోషములును ఒకదానిపై నొకటి పేరుకొనును. ఒక్కటే యైనచో దోషములును ఒక్కదానివే.

1665లో రాబర్టు హుక్కు అను ఆంగ్లేయుఁడు బెండుముక్కను సూక్ష్మదర్శినితోఁ జూచి, అందలి గదులవంటి యరలకుఁ గణములని పేరుపెట్టి గ్రంథము ప్రకటించియుండెను. అతఁడు చూచినవి ప్రాణము పోయిన కణముల గోడలు మాత్రమే. లోపలి కాపురము ఖాళీ యయ్యెను. సజీవకణములను జూచుట డెల్ఫ్టు వర్తకుని వంతయ్యెను.

1673లో, ఇంగ్లండునకును హాలండునకును యుద్ధము జరుగుచుండఁగానే, డెల్ఫ్టులోని వైద్యుఁడు డిగ్రాఫ్ లండను రాయల్ సొసైటీకి లేఖ వ్రాసి తన యూరివాఁడొకఁడు అద్భుతమైన కటకములు చేయుచున్నాఁడని తెలిపెను. దానితో లీవెన్‌హుక్ వ్రాసిన బూజు, తేనెటీఁగ కొండి, పేను మొదలగువాని వర్ణనయుఁ బోయెను. అది మొదలు ఏఁబదియేండ్లు ఆ సంఘమునకు అతఁడు లేఖలు వ్రాయుచునే యుండెను. అతనికి శాస్త్రపరిభాష రాదు. బొమ్మ గీయుట చేతఁగాదు, దానికై చిత్రకారుని జీతమిచ్చి పెట్టుకొనెను. చూచినదానిని చూచినట్లు, ఊహించినదానిని ఊహించినట్లు, రెంటిని గలిపివేయక చెప్పుట మాత్ర మతనికిఁ దెలియును.

1674 వేసవిలో డెల్ఫ్టునకు రెండుగంటల ప్రయాణదూరమున నున్న బెర్కెల్ చెఱువు నీటిని సీసాలోఁ దెచ్చి చూచెను. చలికాలమున తేటగా నుండు ఆ నీరు వేసవిలోఁ దెల్లనై, అందుఁ బచ్చని మబ్బులవంటివి తేలుచుండెడివి. మంచువలన నట్లగునని పల్లెవారి నమ్మకము. నాళములోఁ బెట్టి చూడఁగా, పాములవలె మెలివడి క్రమముగఁ జుట్టుకొనిన పచ్చనిపట్టీలు కానవచ్చెను. నేఁడు మనము స్పైరోగైరా యని పిలుచు నాచు అది. దాని నడుమ మిక్కిలి చిన్నప్రాణులు పైకిఁ గ్రిందికిఁ దిరుగుచుండెను. ఇవన్నియు నిజకేంద్రక కణములే. పట్టికలోని యొక ప్రక్క అట్లు మొదటిసారి మనుష్యనేత్రమునకు గోచరించెను.

రెండవ ప్రక్కకు మిరియములు దారి చూపినవి. మిరియమున కారమెట్లు వచ్చుచున్నదో కనుఁగొనవలెనని అతనికిఁ బుట్టినది. మిరియపుగింజల యందు ముండ్లవంటి మొనలుండి నాలుకను గ్రుచ్చుచున్నవేమో యని సందేహించి, వానిని మెత్తబఱచుటకు నీట నానవేసెను. ఊహ తప్పు, ఫలితము గొప్పది. 1676 ఏప్రిలు 24వ తేదీన, మూఁడు వారములు నానిన ఆ నీటిని జూడఁగా అందు లెక్కకు మీఱిన ప్రాణులు కదలుచుండెను. కొన్ని మిక్కిలి సూక్ష్మములు: నూఱింటిని వరుసగాఁ బేర్చినను ముదుక యిసుకరేణువు పొడవునకుఁ జాలవని అతఁడు లెక్కవేసెను. అతని వర్ణననుబట్టి అవి బాక్టీరియములని శాస్త్రజ్ఞులు నిశ్చయించియున్నారు. కొలత కఱ్ఱలు లేని లోకమున ఇసుకరేణువు, ఆవగింజవంటి విత్తనములు, పేను కన్ను, రక్తకణము, ఇవే అతని కొలతలు.

అక్టోబరు 9వ తేదీన ఇదంతయు దీర్ఘలేఖగా లండనుకుఁ బంపెను. అచ్చటి పండితులు నమ్మలేదు. ఒక్క నీటిచుక్కలో నొక రాజ్యమునఁ బట్టునన్ని ప్రాణులున్నవని లాటిను రాని జౌళివర్తకుఁడు చెప్పిన నమ్ముట యెట్లు? సంఘపు వృక్షశాస్త్రజ్ఞుఁడు గ్రూను పరీక్షింపుమనిరి, ఫలింపలేదు. ఈ సమయమున లీవెన్‌హుక్ తన పేరే పణముగ నున్నదని యెఱిఁగెను. అతఁడు కోపింపలేదు. తన యూరి పెద్దమనుష్యులను, సంఘకాపరులును నోటరీయు మొదలగు ఎనమండుగురిని, ఇంటికిఁ బిలిచి, తన కటకములలో వారిచేతఁ జూపించి, వారు చూచినదానికి సాక్ష్యపత్రములు వ్రాయించి 1677లో లండనుకుఁ బంపెను. అయినను శాస్త్రమున సాక్ష్యపత్రములు చాలవు. వేఱొకఁడు తన చేతితోఁ జేసి చూడవలెను. హుక్కు ఆ పనికిఁ బూనుకొని, సన్నని నాళములు చేసి, మిరియములు నానవేసి, 1677 నవంబరు 15వ తేదీన సంఘసభ్యుల కన్నులయెదుట ఆ ప్రాణులను జూపెను. ఆనాఁటితో సందేహము తీఱెను. 1680లో సంఘము లీవెన్‌హుక్కును తన సభ్యునిగ నెన్నుకొనెను. అతఁడు ఆ సభకు ఒక్కనాఁడును పోలేదు.

అతని పరిశీలనలలో నాకు మిక్కిలి యింపైనది 1683 సెప్టెంబరు నాఁటిది. అతఁడు ప్రతిదినము ఉదయము ఉప్పుతోఁ బండ్లు తోముకొని, నీటితోఁ బుక్కిలించి, గుడ్డతోఁ దుడుచుకొనెడివాఁడు. ఆ వయస్సున తనవంటి శుభ్రమైన పండ్లు కలవారు అరుదని అతని నమ్మకము. అయినను పండ్ల సందులఁ గొంత పాచి నిలుచుచుండెను. దానిని తీసి వాననీటఁ గలిపి చూడఁగా అనేకజాతుల ప్రాణులు. కొన్ని వేఁటకుఁ బోవు చేఁపవలె నీటిని జీల్చుకొని తిన్నగఁ బోవుచుండెను. కొన్ని బొంగరమువలెఁ దిరుగుచుండెను. తరువాత ఇద్దఱు స్త్రీల పండ్లపాచిని, ఎనిమిదేండ్ల బాలునిదియు, పుట్టిననాఁటినుండి పండ్లు తోమని యొక ముసలివానిదియుఁ బరీక్షించెను. ముసలివాని నోట నున్న సమూహము మిగిలినవారికంటె నెక్కువ. తన దేశమునందలి జనసంఖ్యకంటె తన యొక్క నోటిలోని ప్రాణుల సంఖ్యయే హెచ్చని అతఁడు వ్రాసికొనెను. కొన్నియేండ్లకు, 1692 ప్రాంతమున, ముందుపండ్ల పాచిలో ప్రాణులు చచ్చియుండుట చూచి, ప్రొద్దుట త్రాగు వేఁడికాఫీయే కారణమని యూహించెను; దౌడపండ్ల వెనుక మాత్రము అవి సుఖముగ నుండెను. వేప పుల్లతో దంతధావనము చేయుమని పెద్దలు చెప్పినపుడు విసుగుకొను బాలురు ఈ భాగమును రెండుమార్లు చదువుదురు గాక.

అతఁడు గీయించి పంపిన ఆ పటములు 1684లో అచ్చయ్యెను. కఱ్ఱలవంటివి, చుక్కలవంటివి, మెలికలు తిరిగినవి, అన్నియు బాక్టీరియములే. చెఱువులోని నాచు, గంటవలె కాడపై నూగు ప్రాణి, మధ్యము పులియఁజేయు ఈస్టు, ఇవి ఒక జాతి. పండ్లపాచిలోనివి వేఱొక జాతి. అతఁ డన్నింటిని చిన్నప్రాణులనియే వ్యవహరించెను. అతనికిఁ దెలిసిన భేదము పరిమాణమొక్కటే. ఇందు అతని తప్పులేదు. అసలు భేదము లోపల నున్నది. ఆ లోపలను జూచుటకు అతని కటకము చాలదు.

ఆ భేద మేమి? నాచుకణము, ఈస్టుకణము, మన దేహకణము, వీనియందు వంశలక్షణములను మోయు పదార్థము కేంద్రకమను ఒక గదిలో, జంటపొరల గోడ నడుమ నుండును. బాక్టీరియమునందు ఆ గది లేదు. ఆ పదార్థము సామాన్యముగ వలయాకారపు పోగుగా కణద్రవ్యముననే పడియుండును. శ్వాసక్రియకుఁ గావలసిన మైటోకాండ్రియా, హరితరేణువు వంటి పొరలుగల కణాంగములును బాక్టీరియములకు లేవు. మాంసకృత్తులను నిర్మించు రైబోసోములు రెంటను గలవుగాని, బాక్టీరియపు రైబోసోములు చిన్నవి. ఈదు సాధనమును వేఱు: లీవెన్‌హుక్ పెద్దప్రాణుల యొడలఁ జూచిన సన్నని కాళ్లవంటివి కొరడావలె వంగి కొట్టుకొనును, బాక్టీరియపు తోఁక ఓడచక్రమువలె మొదటనుండి గిఱ్ఱునఁ దిరుగును.

బాలురు చిన్నది కేంద్రకపూర్వము, పెద్దది నిజకేంద్రకము అని పట్టుకొందురు. సామాన్యముగ నది సరియే. బాక్టీరియములు పెక్కు మిల్లీమీటరులో వేయవవంతు మొదలు ఐదు వంతులవఱకు నుండఁగా, నిజకేంద్రక కణములు పది మొదలు నూఱు వంతుల వఱకు నుండును. కాని 2022లో కరిబియను దీవుల మడయడవులలోని యొక బాక్టీరియమును శాస్త్రజ్ఞులు వర్ణించిరి. అది దాదాపు సెంటీమీటరు పొడవై వట్టికంటికే కనఁబడును. సముద్రమున వేయవవంతు మాత్రమే వెడల్పుగల నిజకేంద్రక నాచును గలదు. కావున కొలతబద్దతో గీత గీయరాదు. కేంద్రకపు గోడను వెదకవలెను.

చిత్రమేమనఁగా ఆ కేంద్రకమును సయితము లీవెన్‌హుక్ చూచెను. సాల్మను చేఁప రక్తకణములు కోలగా నుండుటయు, వాని నడుమ నొక తేటయైన మచ్చ యుండుటయు అతఁడు గుర్తించి వ్రాసెను. అదియే కేంద్రకము. మనుష్యుని ఎఱ్ఱకణములం దది లేదు. అయినంతమాత్రమున అవి బాక్టీరియములవంటివని తలఁపరాదు, ఎముక మూలుగలో పెరుఁగునప్పుడు కేంద్రకముండి పిమ్మట వెడలఁగొట్టఁబడును. ఆ మచ్చకు 1831లో రాబర్టు బ్రౌను కేంద్రకమని పేరుపెట్టెను. కేంద్రకమునుబట్టి జీవులను రెండుగ విభజించు పదములను 1925లో ఫ్రాన్సు దేశీయుఁడు షాటన్ ప్రయోగించెను. ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత, 1962లో స్టేనియరును వాన్ నీలును ఆ విభాగమును స్థిరపఱచిరి. ఈ వాన్ నీలు విద్య నేర్చినది డెల్ఫ్టు నగరముననే. 1977లో వోజు అను నమెరికను, కేంద్రకములేని జీవులలోను రెండు వేఱువేఱు వంశములున్నవని చూపుటచేఁ బట్టికలోని యొక ప్రక్క మరల రెండయ్యెను.

ఈ భేదము పరీక్షకు మాత్రమే కాదు. పెనిసిలిను బాక్టీరియపు కణకవచమును గట్టుకొననీయదు. మన కణములకు కవచమే లేదు గనుక వానికి హాని లేదు. 1943లో కనుఁగొనఁబడిన స్ట్రెప్టోమైసిను బాక్టీరియపు చిన్న రైబోసోములఁ బట్టి నిలుపును. అంతకుముందు క్షయరోగికి విశ్రాంతియు, మంచిగాలియు, ప్రార్థనయు తప్ప గతి యుండెడిది కాదు. శత్రువునకుండి మనకు లేనిది, శత్రువుది మనదానికంటె వేఱైనది యేదో తెలిసినందుననే ఔషధము రోగిని విడిచి రోగమును గొట్టఁగలుగుచున్నది.

లీవెన్‌హుక్ కీర్తి పెరిఁగినకొలఁది అతని యింటికి రాజులును పండితులును రాసాగిరి. 1698లో రుష్యా చక్రవర్తి పీటరు పడవలో డెల్ఫ్టునకు వచ్చి అతనిని బిలిపించెను. పాముచేఁప తోఁకలో రక్తము ప్రవహించుటను జూచి యానందించెను. ఈఁగలు, నల్లులు, పుచ్చిన ధాన్యములోని పురుగులు మట్టినుండియు మురికినుండియుఁ దమంతఁ దామే పుట్టునని ఆనాఁటివారి నమ్మకము. గోమారి, ముక్కుపురుగు మొదలగువాని గ్రుడ్లను, పిల్లపురుగులను జూపి ఆ మాటను అతఁడు ఖండించెను. ఎంత యల్పప్రాణియైనను తనవంటి తల్లిదండ్రులనుండియే పుట్టవలెననియు, సృష్టికర్త జ్ఞానము ఏనుఁగులోవలె పేనులోను గలదనియు అతని విశ్వాసము.

ఒక్క విషయమున మాత్రము అతనిని నిందింపక తప్పదు. తన శ్రేష్ఠమైన కటకములను అతఁ డెవరికి నీయలేదు, చూపను లేదు. చేయు విధమును జెప్పలేదు. 1715లో జర్మను తత్త్వవేత్త లైబ్నిజు యువకులకు ఈ విద్య నేర్పుమని కోరఁగా, విద్యార్థులలోఁ బెక్కుమంది ధనమునకో పేరునకో వత్తురనియు, ఇంత యోర్పుగలవాఁడు వేయింట నొకఁడు గూడ నుండఁడనియు తలఁచి నిరాకరించెను. పాఠములు చెప్పువారమైన మనకు ఇది బాధకరమైన మాట. అతని తరువాతఁ జాలకాలమువఱకు ఆ బాక్టీరియములను అంత స్పష్టముగఁ జూచినవారు అరుదైరి.

తొంబదియేండ్లు నిండినను పని మానలేదు. డొక్కలయందు ఎగసిపడు నొక నొప్పి తుదిరోజులలో పట్టుకొనఁగా, వైద్యులు గుండె యనిరి. అతఁడు ఉదరవితానమని నిర్ణయించి, గొఱ్ఱెల ఆ యవయవమును బరీక్షించి లండనుకు వ్రాసెను. అతని నిర్ణయమే సరియని తరువాతివైద్యు లొప్పుకొని ఆ వ్యాధికి అతని పేరే పెట్టిరి. మంచము పట్టియుండియు, స్నేహితుఁడు హూగ్‌వ్లీటును బిలిచి రెండు లేఖలను లాటినులోనికి మార్చి పంపుమని యప్పగించి, 1723 ఆగస్టు 26వ తేదీన కన్నుమూసెను. డెల్ఫ్టులోని పాతదేవాలయమున సమాధి చేసిరి.

వెండితోఁ జేసిన 26 సూక్ష్మదర్శినులుగల యొక పేటికను అతఁడు రాయల్ సొసైటీకని యుంచియుండెను. మరియా దానిని లండనుకుఁ బంపెను. తండ్రి సమాధిపై స్మారకస్తంభము నెత్తించి, 1745లో తానును ఆ దేవాలయముననే విశ్రమించెను. మిగిలిన పరికరములు 1747లో వేలమున నమ్ముడుపోయెను. రాయల్ సొసైటీవారి పేటికయు 19వ శతాబ్దమున మాయమయ్యెను. నేఁటివఱకు జాడ లేదు. ప్రపంచమున ఇప్పుడు మిగిలినవి పట్టుమని పదో పండ్రెండో.

ఆ మిగిలినవానిలో ఉట్రెక్టునందలిదానిని విప్పక, పగులఁగొట్టక, న్యూట్రాను కిరణములతో లోపల నెట్లున్నదో పరీక్షించి 2021లో ఫలితము ప్రకటించిరి. మూఁడు శతాబ్దములు మఱుఁగుపడియుండిన ఆ కటకము అఱుగఁదీసినది కాదు. గాజును కరఁగించి పూసవలెఁ జేసినది. విఱిచిన కాడ గుర్తుకూడ దానికి మిగిలియున్నది. ఆ విధమును, లీవెన్‌హుక్ జీవించియుండఁగానే అందఱికిఁ దెలియునట్లు అచ్చొత్తించి ప్రకటించినవాఁడు, మిరియపు నీటిని జూపి అతని మాట నిలిపిన రాబర్టు హుక్కే.